ఈసాన్ పల్లెల్లో శివాలయాలు, కలువల చెరువు, ఉష బండ

థాయ్‌లాండ్ ప్యాకేజీ అంటే మనవాళ్ళకి బ్యాంకాక్, పట్టాయా, మహా అయితే ఫుకెట్, క్రాబీ. దేశానికి ఈశాన్యాన ఉన్న ఈసాన్ పేరు ఆ కాగితాల్లో కనిపించదు. విస్తీర్ణంలో దేశంలో దాదాపు మూడో వంతు ఉంటుంది. 20 ప్రావిన్సులు. వరి పొలాల మధ్య వెయ్యేళ్ళనాటి శివాలయాలున్నాయి. కలువలు విరగబూసే పెద్ద చెరువుంది. ఉషా అనిరుద్ధుల కథని తమ ఊరి కథగా చెప్పుకునే అడవి ఉంది. 2025 జనవరిలో సంక్రాంతి సెలవులు కలుపుకుని నేను, మా ఆయన, మా నాన్న అక్కడ తిరిగి వచ్చాం. బయల్దేరే ముందు తెలుగులో వెతికితే ఈ వైపు గురించి పనికొచ్చే సమాచారం దాదాపు ఏమీ దొరకలేదు. అందుకే ఏ చోటికి ఒక పూట చాలు, దేనికి రోజంతా ఇవ్వాలి, రాత్రి ఎక్కడ ఉండాలి, బండి ఎలా మాట్లాడుకోవాలి అన్నవి కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ముందే చెప్పేస్తాను. ఇక్కడ చూడాల్సినవి ఊళ్ళకి దూరంగా, పొలాల్లోనో గుట్టల మీదో ఉంటాయి. పెద్ద నగరంలో మంచి హోటల్ తీసుకుని రోజూ అక్కడి నుంచి వెళ్ళి వద్దామనుకుంటే సగం పూట రోడ్డు మీదే గడిచిపోతుంది, గుడికి చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. చూడబోయే చోటికి అరగంట దూరంలో ఏదైనా చిన్న ఊళ్ళో సాదా గది తీసుకోవడం మేలు. మా యాత్రలో బాగా గడిచిన రోజులు అలా గడిచినవే.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానాలున్నాయి, మూడున్నర గంటలకి అటూ ఇటూ పడుతుంది. అక్కడి నుంచి మేం రైల్లో కోరాత్ వెళ్ళాం. దాని అసలు పేరు నాఖోన్ రాచసీమా, కానీ అందరూ కోరాత్ అనే అంటారు. దూరం 260 కిలోమీటర్ల పైచిలుకు. బస్సు ఇంకా త్వరగా చేరుస్తుంది. అయినా పగటి రైలుకే నా ఓటు. సరబురి దాటాక దారి కొండల్లోకి ఎక్కి అవతలి పీఠభూమి మీదికి చేరే భాగం కిటికీ పక్కన కూర్చుని చూడాలి. థాయ్ ప్రభుత్వ రైల్వే మొట్టమొదట వేసిన లైను ఇదే, 1900లో కోరాత్ దాకా పూర్తయింది.

కోరాత్ పెద్ద నగరం. ఊరి నడిబొడ్డున తావ్ సురనారి విగ్రహం ఉంటుంది. 1826లో లావోస్‌లోని వియంటియాన్ రాజు అనువాంగ్ సేనలు ఊరిని పట్టుకున్నప్పుడు ఎదురు తిరిగిన వీరవనితగా ఆమెని కొలుస్తారు. విగ్రహం పెట్టింది 1934లో. సాయంత్రం ఆఫీసుల నుంచి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు ఆగి, అగరొత్తులు వెలిగించి, పూలదండ పెట్టి వెళ్తుంటే చూడటానికి చాలా బాగుంది. మా హోటల్ దానికి నడిచే దూరంలోనే. గది శుభ్రం, లిఫ్ట్ ఉంది, 1,100 బాత్‌లు. అప్పట్లో బాత్ అంటే మన రెండున్నర రూపాయలు. కోరాత్‌లో ఇంతకు మించి ఉండక్కర్లేదు, పిమాయ్ చూడటానికి మజిలీ అనుకుంటే సరిపోతుంది. కుండలకి పేరున్న దాన్ క్వియన్ ఊరు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. మూన్ నది మట్టితో చేసే ఆ ముదురు గోధుమ రంగు కుండలు అందంగా ఉంటాయి కానీ, కొనే ఉద్దేశం లేకపోతే ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు.

పిమాయ్ కోరాత్‌కి ఈశాన్యంగా 60 కిలోమీటర్లు. మొత్తం యాత్రలో సొంత బండి అవసరం లేని చోటు ఇదొక్కటే. కోరాత్ రెండో బస్టాండు నుంచి తరచుగా బస్సులు నడుస్తాయి, గుడి ఊరి మధ్యలోనే ఉంటుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇది పెద్ద సౌకర్యం. నేల చదును, చెట్ల నీడ, కూర్చోడానికి చోటు, బయటికి రాగానే తినడానికి ఏదో ఒకటి. ఇప్పటి కంబోడియాలోని అంకోర్ రాజధానిగా ఏలిన ఖ్మేర్ రాజుల కాలపు ఆలయం ఇది, 11వ శతాబ్దం చివర్లో, 12వ శతాబ్దం మొదట్లో కట్టింది. ఖ్మేర్ గుళ్ళు మామూలుగా తూర్పు చూస్తాయి, ఇది మాత్రం ఆగ్నేయంగా, అంకోర్ వైపు తిరిగి ఉంటుంది. అంకోర్ నుంచి ఇక్కడికి ఒకప్పుడు రాజమార్గం ఉండేది. ఆ దారిలో 17 ధర్మశాలలు ఉన్నట్టు ఖ్మేర్ రాజు జయవర్మన్ VII కాలపు శాసనం చెబుతోంది.

గర్భగుడిలో ఉన్నది నాగుపాము పడగ కింద కూర్చున్న బుద్ధుడు. బయట ద్వారాల మీద మాత్రం రామాయణం. రామలక్ష్మణులు నాగపాశంలో చిక్కుకున్న ఘట్టం చెక్కిన రాయి దగ్గర మా నాన్న చాలాసేపు ఆగిపోయారు. చుట్టూ దిగులుగా కూర్చున్న వానరుల్ని ఒక్కొక్కరిగా చూపించి, "ఇక గరుత్మంతుడు రావాలి" అన్నారు. దక్షిణం వైపు పైన నాట్యం చేస్తున్న శివుడున్నాడు. ఒకే గుడిలో ఈ మూడూ ఇంత సహజంగా ఇమిడిపోవడం నాకు పిమాయ్‌లో బాగా నచ్చిన విషయం. పక్కనే ఉన్న జాతీయ మ్యూజియం వదలొద్దు. ఇక్కడి గుళ్ళ నుంచి తెచ్చిన ద్వారపు రాళ్ళని కళ్ళ ఎత్తులో పెట్టారు, గుడిలో మెడ ఎత్తి చూసి వదిలేసిన చెక్కడపు పని అక్కడ దగ్గరగా కనిపిస్తుంది.

ఊరికి 2 కిలోమీటర్ల దూరంలో సాయ్ ఙామ్ అనే మర్రి ఉంది. వందల ఏళ్ళ చెట్టు, ఊడలు దిగి దిగి ఒక తోపులా పరుచుకుంది. మన శ్రీ సత్యసాయి జిల్లాలో (ఒకప్పటి అనంతపురం) తిమ్మమ్మ మర్రిమాను చూసినవాళ్ళకి పరిమాణం ఆశ్చర్యం కలిగించదు. కానీ నీళ్ళ మధ్య దీవిలా ఉండటం, ఊడల కింద కాలిబాట, గట్టున వరసగా తిండి దుకాణాలు, మధ్యాహ్నం కూర్చోడానికి హాయిగా ఉంటుంది. పిమాయ్ నూడుల్స్ ఇక్కడి ప్రత్యేకం. మాంసం లేకుండా, గుడ్డుతో చేసిచ్చారు. పిమాయ్‌కి ఒక పూట పైన కాస్త చాలు. సాయంత్రం కోరాత్ వచ్చేయొచ్చు.

ఇక పనోమ్ రుంగ్. ఈసాన్‌లో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడండి. బురిరామ్ ప్రావిన్సులో, చల్లారిన అగ్నిపర్వతం మీద, సముద్రమట్టానికి 400 మీటర్ల ఎత్తున కట్టిన శివాలయం. చాలామంది బురిరామ్ నగరంలో దిగుతారు. అక్కడ మంచి హోటళ్ళు ఉన్నాయి, రైల్వే స్టేషన్ ఉంది. కానీ గుడికి 60 కిలోమీటర్ల పైనే. పైగా అక్కడి మోటార్ రేసుల ట్రాక్‌లో 2018 నుంచి మోటోజీపీ జరుగుతోంది, రేసుల వారంలో గదులు దొరకవు, దొరికినా ధరలు మండిపోతాయి. మేం 24వ నంబరు హైవే మీద ఉన్న నాంగ్ రోంగ్ అనే చిన్న ఊళ్ళో దిగాం. కోరాత్ నుంచి సురిన్, ఉబోన్ వైపు వెళ్ళే బస్సులు చాలావరకు ఆ దారినే పోతాయి. గుడి అక్కడికి పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూ.

మేం ఉన్న గెస్ట్‌హౌస్ గురించి కాస్త చెప్పాలి. ఆరేడు గదుల పెంకుటిల్లు లాంటిది, అన్నీ కింది అంతస్తే, నాన్న మోకాళ్ళకి అది వరం. గదికి 650 బాత్‌లు. ఏసీ, వేడినీళ్ళు ఉన్నాయి. పరుపు గట్టిది, గోడలు పల్చన, రాత్రంతా హైవే లారీల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. నిద్రలో తేలికగా మెలకువ వచ్చేవాళ్ళు రోడ్డుకి దూరంగా ఉన్న గది అడగాలి. అయితే ఆ ఇంటావిడ చేసిన సాయం ఏ స్టార్ హోటల్లోనూ దొరకదు. మేం శాకాహారులమని తెలిశాక ముందు రోజు రాత్రే పొద్దున ఏం తింటామో అడిగేది. చేప సాస్, రొయ్యపొడి, మాంసం, గొడ్డు కొవ్వు వద్దని థాయ్ లిపిలో ఒక చీటీ రాసిచ్చింది. మిగతా యాత్ర అంతా ఆ చీటీ చూపించే కడుపు నింపుకున్నాం. కారు కూడా ఆవిడే మాట్లాడిపెట్టింది. పనోమ్ రుంగ్, మువాంగ్ తామ్ రెండూ చూపించి, సాయంత్రం దాకా ఉండేలా, డీజిల్‌తో కలిపి 1,800 బాత్‌లు. ముందే చెప్పిన ధర, తర్వాత ఒక్క బాత్ కూడా పెరగలేదు.

గుడి ఉదయం 6 గంటలకి తెరుస్తారు. మేం తెరిచే వేళకే చేరాం. అప్పటికి లోపల పట్టుమని పదిమంది లేరు. డ్రైవరుకి ఇంగ్లీషు రాదు, మాకు థాయ్ రాదు, ఫోనులో అనువాదంతోనే మాటలు. అయినా నాన్న నడక చూసి తనే గ్రహించాడు. మమ్మల్ని కింది గేటు దగ్గర దింపి, నాన్నని మెట్లు తక్కువగా ఉండే పై గేటు దాకా కారులో తీసుకెళ్ళి, గుడి ముంగిట మాకు అప్పగించి వచ్చాడు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఈ రెండో గేటు సంగతి ముందే డ్రైవరుకి చెప్పండి. కానీ కాళ్ళలో శక్తి ఉన్నవాళ్ళు మాత్రం కింది నుంచే రావాలి. 160 మీటర్ల పొడవున రాళ్ళు పరిచిన దారి, అటూ ఇటూ తామరమొగ్గ తలలతో స్తంభాలు, ఆ చివర అయిదు తలల నాగులు కాపలా కాసే వంతెన, దాని మీదుగా అంచెలంచెలుగా మెట్లు. ఎక్కుతున్నకొద్దీ గోపురం కొంచెం కొంచెంగా బయటపడుతుంది. కట్టినవాళ్ళు భక్తుడి కన్ను ఎటు పోవాలో అడుగడుగునా ఆలోచించి కట్టారని అర్థమవుతుంది.

10 నుంచి 13వ శతాబ్దం దాకా విడతలుగా కట్టిన గుడి ఇది. ముఖ్యమైన భాగం నరేంద్రాదిత్యుడి కాలంలోది. అంకోర్ వాట్ కట్టించిన సూర్యవర్మన్ II కి ఆయన బంధువు. తర్వాత సన్యసించి ఇక్కడే ఉండిపోయాడని కొడుకు హిరణ్యుడు వేయించిన సంస్కృత శాసనం చెబుతుంది. తూర్పు మండపం ద్వారం మీద పది చేతుల నటరాజు. దాని కింది రాయి మీద శేషశాయి విష్ణువు, నాభి కమలంలో బ్రహ్మ, పాదాల దగ్గర లక్ష్మి. ఈ కింది రాయికి పెద్ద కథే ఉంది. 1960ల్లో ఇది గుడి నుంచి మాయమైంది. తర్వాత అమెరికాలోని షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో కనిపించింది. థాయ్ ప్రజలు పట్టుబట్టి అడిగాక 1988లో తిరిగొచ్చి మళ్ళీ తన చోట కూర్చుంది. మన దేశం నుంచి పోయిన విగ్రహాలు ఒక్కొక్కటీ తిరిగొస్తున్న ఈ రోజుల్లో ఆ రాయి కింద నిలబడితే గుండె నిండుతుంది.

లోపల నంది, గర్భగుడిలో లింగం, అభిషేక జలం బయటికి పోయే సోమసూత్రం, అన్నీ మనకి తెలిసిన అమరికలోనే ఉన్నాయి. పూజారి లేడు, గంట లేదు, దీపం లేదు. పురావస్తు శాఖ చూసుకునే స్థలం అది. నాన్న నంది పక్కన నిలబడి కళ్ళు మూసుకుని కాసేపు రుద్రం నెమ్మదిగా చెప్పుకున్నారు. అక్కడి కాపలా మనిషి చెప్పులు విడిచి కొంచెం దూరంగా నిలబడ్డాడు, ఎవరూ ఏమీ అనలేదు. గుడికి తూర్పు నుంచి పడమరకి 15 ద్వారాలు ఒకే వరుసలో ఉంటాయి. ఏప్రిల్ 3 నుంచి 5 వరకు, సెప్టెంబరు 8 నుంచి 10 వరకు ఉదయించే సూర్యుడి కిరణాలు వాటన్నిటి గుండా సూటిగా ప్రసరిస్తాయి. మార్చి, అక్టోబరు మొదటి వారాల్లో అస్తమించే సూర్యుడివి అటు నుంచి వస్తాయి. ఆ రోజుల్లో జనం విపరీతం. ఏప్రిల్లో ఉత్సవం కూడా జరుగుతుంది. ప్రశాంతంగా చూడాలనుకుంటే మామూలు రోజు పొద్దున్నే రావాలి. తొమ్మిదిన్నర దాటాక స్కూలు పిల్లల బస్సులు, టూరు బస్సులు వచ్చాయి. అప్పటికి మేం చూడాల్సింది చూసేశాం. కోరాత్ నుంచి గానీ బురిరామ్ నుంచి గానీ వచ్చి ఉంటే ఇది కుదిరేది కాదు.

మువాంగ్ తామ్ అక్కడికి 8 కిలోమీటర్లు, గుట్ట కింద చదునులో. రెండు గుళ్ళకి కలిపి విదేశీయులకి 150 బాత్‌ల టికెట్టు ఇచ్చారు, విడివిడిగా అయితే ఒక్కోటి 100. ధరలు మారుతుంటాయి కాబట్టి అడిగి చూడండి. పనోమ్ రుంగ్ చూసి అలసిపోయి చాలామంది దీన్ని వదిలేసి వెళ్ళిపోతారు. అలా చేయొద్దని గట్టిగా చెబుతాను. ఇది పనోమ్ రుంగ్ ముఖ్యభాగం కన్నా పాతది, ఇటుక గోపురాలు అయిదు. పెద్ద గోపురం కూలిపోయి పునాదే మిగిలింది. చుట్టూ నాలుగు మూలల్లో నాలుగు కోనేళ్ళు, ఒక్కోటీ మూల మలుపు తిరిగిన ఆకారం. వాటి గట్టు అంచు పొడవునా నాగు శరీరం పరుచుకుని, మూలకి వచ్చేసరికి పడగలు విప్పుతుంది. నీళ్ళలో తామరాకులు. నంది మీద ఉమామహేశ్వరులు, గోవర్ధనం ఎత్తిన కృష్ణుడు, కాళీయమర్దనం, ఒక్కో ద్వారం మీద ఒక్కోటి. మెట్లు ఎక్కే పని లేదు, నాన్నకి పనోమ్ రుంగ్ కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

గుడికి ఉత్తరాన ఉన్న పెద్ద చెరువు కూడా ఆ కాలం నాటిదే, ఊరివాళ్ళు ఇప్పటికీ వాడుకుంటున్నారు. దగ్గర్లో కుటి రిషి అనే చిన్న రాతి కట్టడం కూడా ఉంది. జయవర్మన్ VII రాజ్యమంతటా కట్టించిన ఆరోగ్యశాలల్లో ఒకదాని గుడి అది. అలాంటివి 102 ఉన్నట్టు అంకోర్‌లోని తా ప్రోమ్ గుడి శాసనంలో ఉంది. పది నిమిషాల్లో చూసేయొచ్చు.

పచ్చదనం గురించి ఒక మాట. జనవరిలో ఎండ హాయిగా ఉంటుంది, ఉదయం చలి కూడా వేస్తుంది. కానీ పొలాలు ఎండిపోయిన మోళ్ళతో ఉంటాయి. ఇక్కడ చాలాచోట్ల వానల మీద ఆధారపడి ఒకే పంట. కోతలు నవంబరు, డిసెంబరుల్లో అయిపోతాయి. పచ్చటి వరి కావాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య రావాలి, వానకి సిద్ధపడి. మార్చి, ఏప్రిల్ ఎండలు మన రెంటచింతల ఎండలే. మేం జనవరి ఎంచుకోడానికి కారణం కలువలు.

ఆ కలువలున్న చెరువు ఉడోన్ థానీ వైపు. నాంగ్ రోంగ్ నుంచి మళ్ళీ కోరాత్‌కి వచ్చి అక్కడ బస్సు మారాం. చేరేసరికి పగలంతా అయిపోతుంది, ఆ రోజున ఇంకేదీ పెట్టుకోవద్దు. చెరువు పేరు నోంగ్ హాన్ కుంపవాపి, యాత్రికులు ఎర్ర తామరల సముద్రం అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్ళ మీద కనుచూపు మేర గులాబీ రంగు కలువలు. పూలు తెల్లవారుతుండగా విచ్చుకుంటాయి, పది, పదకొండు గంటలకల్లా ముడుచుకోవడం మొదలుపెడతాయి. ఉడోన్ నుంచి గంట ప్రయాణం, అందువల్ల చాలామంది అక్కడి హోటల్లో టిఫిన్ తిని తొమ్మిదికి చేరతారు. మేం రేవుకి దగ్గర్లో ఒక ఇంట్లో అద్దెకిచ్చే గదిలో పడుకున్నాం. బాత్‌రూము అందరికీ కలిపి ఒకటే, దోమతెర తప్పనిసరి, కోళ్ళు మూడు గంటలకే కూయడం మొదలుపెట్టాయి. అంత సర్దుకున్నా నాకు సంతోషమే. ఆరున్నరకల్లా పడవలో ఉన్నాం. మంచు తెరలు ఇంకా పోలేదు, పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి, నీటికోళ్ళు కలువ ఆకుల మీద పరుగులు. చిన్న పడవ 300 బాత్‌లు, ఎక్కువమంది పట్టే పెద్దది 500. మనిషికి ఇంత అని కాదు, పడవకి ఇంత అని లెక్క. అందరికీ లైఫ్ జాకెట్లు ఇస్తారు. పూలు కోయొద్దని పడవవాళ్ళు ముందే చెప్పేస్తారు, ఆ నియమం పిల్లలకి ముందుగానే నేర్పి తీసుకెళ్ళాలి. ఎనిమిదిన్నరకి మేం దిగేటప్పుడు రేవులో పెద్ద వరుస. కలువల కాలం కాకపోతే ఇక్కడికి రావడం దండగ. కాలంలో వస్తే మాత్రం పొద్దుటి రెండు గంటలు ఎంతో విలువైనవి.

ఉడోన్ పెద్ద ఊరు, హోటళ్ళకి కొదవలేదు, రాత్రి బజారు, విమానాశ్రయం ఉన్నాయి. ఇక్కడి నుంచి ఉష బండ ఉన్న అడవి, పూ ప్రా బాత్‌కి 67 కిలోమీటర్లు, బాన్ ప్యూ దాటి వెళ్ళాలి. దీనికి ఒక ఏజెంటు ద్వారా వ్యాను మాట్లాడుకున్నాం. ఇంగ్లీషు వచ్చే గైడు, పార్కు టికెట్లు కలిపి అన్నారు. తీరా వచ్చింది డ్రైవరు ఒక్కడే. టికెట్లు మేమే కొన్నాం. దారిలో అడగకుండానే ఒక బట్టల దుకాణం దగ్గర ముప్పావు గంట ఆపాడు. తిరిగొచ్చాక డబ్బు కొంత వెనక్కి ఇమ్మంటే కుదరదన్నారు. మర్నాడు పురావస్తు మ్యూజియం ఉన్న బాన్ చియాంగ్ ఊరికి హోటల్ రిసెప్షన్ వాళ్ళు పిలిచిన కారు దానికన్నా తక్కువకి, చెప్పిన వేళకి వచ్చింది. కాబట్టి బస చేసిన చోటి వాళ్ళనే బండి అడగండి. మన ముఖం మళ్ళీ చూడాల్సిన వాళ్ళు కాబట్టి మాట నిలబెట్టుకుంటారు.

వ్యాను పెట్టిన చికాకంతా అడవిలో అడుగు పెట్టగానే పోయింది. పూ ప్రా బాత్‌ని 2024 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మేం వెళ్ళేనాటికి అది జరిగి ఆరు నెలలే. ఇసుకరాయి బండలు గాలికీ వానకీ అరిగి, కాండం సన్నగా, తల వెడల్పుగా పుట్టగొడుగుల్లా నిలబడ్డాయి. కొన్ని బండల కింద ఎర్ర రంగుతో వేసిన ఆదిమ మానవుల బొమ్మలు, ఎద్దులు, మనుషులు. తర్వాత ద్వారవతి అనే పాత సంస్కృతి కాలంలో బౌద్ధులు ఆ బండల్నే ఆలయాలుగా మలచుకున్నారు, చుట్టూ ఆకు ఆకారంలో ఎత్తైన సీమ రాళ్ళు (హద్దు రాళ్ళు) పాతారు. అవి ఇప్పటికీ పాతినచోటే నిలబడి ఉన్నాయి.

ఎత్తైన ఒక బండ మీద రాళ్ళు పేర్చి కట్టిన చిన్న గది ఉంది. అది నాంగ్ ఉస గోపురం, అంటే మన ఉషాదేవి ఉన్న చోటు. భాగవతంలోని బాణాసురుడి కూతురు ఉష, అనిరుద్ధుడి కథ ఇక్కడికి వచ్చి స్థానికమైపోయింది. మన కథలో ఉష కలలో చూసిన అతణ్ణి చిత్రలేఖ బొమ్మ గీసి పోలుస్తుంది, నిద్రపోతున్నవాణ్ణి మంచంతో సహా ఎత్తుకొస్తుంది. ఇక్కడి కథలో ఉస హంస ఆకారంలో పూలు కూర్చి నీళ్ళలో వదులుతుంది, అది రాకుమారుడు బారోత్‌కి దొరికి అతను వెతుక్కుంటూ వస్తాడు. తండ్రి కోంగ్ పాన్ ఒప్పుకోడు. ఒక్క రాత్రిలో గుడి కట్టాలి, వేగుచుక్క పొడిచేలోగా కట్టలేనివాడి తల తీయాలని పందెం. బారోత్ పక్షంవాళ్ళు చెట్టు మీద దీపం వేలాడదీస్తారు. చుక్క పొడిచిందనుకుని కోంగ్ పాన్ మనుషులు పని ఆపేస్తారు, అతను తల పోగొట్టుకుంటాడు. ఆ పందెంలో కట్టినవని చెప్పే మామగారి గుడి, అల్లుడి గుడి, బారోత్ గుర్రాన్ని కట్టేసిన చోటు, ఉస నీళ్ళ బావి, అన్నీ బాట పక్కనే బోర్డులతో ఉన్నాయి. చిన్నప్పుడు మా ఊరి తిరనాళ్ళలో కూచిపూడివాళ్ళ ఉషాపరిణయం చూసిన మా నాన్న, ఆ బండ నీడలో కూర్చుని మొత్తం కథ మాకు మళ్ళీ చెప్పారు. మన కథలో కృష్ణుడు బాణుడి చేతులు నరికి ప్రాణం మాత్రం వదిలేస్తాడని, ఇక్కడివాళ్ళు అల్లుడి చేత చంపించడం అన్యాయమని ఆయన అభిప్రాయం.

బాట చదునే కానీ వేర్లు, గులకరాళ్ళు ఉంటాయి, బూట్లు వేసుకోవాలి. తీరిగ్గా చూస్తే రెండున్నర గంటలు. లోపల తిండి దొరకదు, నీళ్ళు తీసుకెళ్ళండి. తెలుగువాళ్ళకి పనోమ్ రుంగ్ తర్వాత నేను చెప్పేది ఈ చోటే. రోజు కేటాయించండి, తిరుగుదారిలో దగ్గర్లోనే ఉన్న బుద్ధపాదం గుడి కూడా చూడొచ్చు.

బాన్ చియాంగ్ ఉడోన్‌కి తూర్పున 50 కిలోమీటర్లు. 1992లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది. 1966లో ఒక అమెరికన్ విద్యార్థి వేరు తగిలి పడ్డప్పుడు నేలలోంచి బయటపడిన కుండల అంచులు కనిపించాయట. తవ్వితే వేల ఏళ్ళనాటి కంచు పనిముట్లు, ఎర్ర గీతల సుడులు చుట్టిన కుండలు. మ్యూజియం చక్కగా ఉంది, వివరాలు ఇంగ్లీషులోనూ ఉన్నాయి. మూసి ఉండే రోజులు ముందే చూసుకోండి. పురావస్తువుల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు తప్పక వెళ్ళండి. లేకపోతే చిన్నపిల్లలకి విసుగొస్తుంది, ఆ పూట కలువల చెరువుకి ఇవ్వడం మంచిది.

తిండి సంగతి. ఈసాన్ వంటలో చేప లేకుండా దాదాపు ఏదీ ఉండదు. బొప్పాయి సలాడ్ సోమ్ తామ్‌లో ఊరబెట్టిన చేప నీళ్ళు, ఎండు రొయ్యలు వేస్తారు. వద్దని చెబితే నిమ్మరసం, పల్లీలు, మిరపకాయలతో చేసిస్తారు, కారం మన నోటికి సరిగ్గా సరిపోతుంది. వెదురు బుట్టలో ఇచ్చే జిగురు అన్నం చేత్తో ముద్ద చేసుకుని తినాలి, దాన్లో పొడి కలవదు. మామూలు అన్నం అడిగితే ఎక్కడైనా ఇస్తారు, వేడి అన్నంలో మేం తీసుకెళ్ళిన కందిపొడి కలుపుకుని తిన్న పూటలున్నాయి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న దుకాణం కనిపిస్తే అది జే భోజనం, మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. నగరాల్లో దొరుకుతాయి, పల్లెల్లో అరుదు. మాంసాహారులకైతే ఈసాన్ కాల్చిన కోడి పండగే, మా ఆయన ప్రతి ఊళ్ళోనూ తిన్నారు.

స్కూటీ అద్దెకి తీసుకునే కుర్రాళ్ళకి రెండు మాటలు. వాళ్ళూ మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు, పల్లె రోడ్లు బాగుంటాయి. కానీ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన దేశంలోనే తీసుకుని వెళ్ళాలి, అది లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేస్తారు. ఫోనులో పిలిచే ట్యాక్సీలు కోరాత్, ఉడోన్ నగరాల్లో బాగా పనిచేస్తాయి. వాటిలో పల్లెకి వెళ్ళగలం, తిరిగి రావడానికి బండి దొరకదు. రోజంతటికీ కారు మాట్లాడుకోవడం ముగ్గురికి ఖర్చులోనూ కలిసొస్తుంది.

మేం వచ్చాక రెండు మార్పులు జరిగాయి. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్ళే విదేశీయులందరూ అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్లో నింపాలి, దానికి రుసుము లేదు. డబ్బు అడిగే సైట్లని నమ్మొద్దు. రెండోది, 2025 జూలైలో కంబోడియా సరిహద్దులో సైన్యాల మధ్య కాల్పులు జరిగాయి. బురిరామ్, సురిన్ రెండూ సరిహద్దు ప్రావిన్సులే. సరిహద్దు గీత మీదే ఉన్న తా మువెన్ థోమ్ లాంటి గుళ్ళ జోలికి వెళ్ళొద్దు. పనోమ్ రుంగ్ వెళ్ళే ముందు కూడా తాజా వార్తలు చూసి, నాంగ్ రోంగ్‌లో బస చేయబోయే చోటికి ఫోను చేసి పరిస్థితి కనుక్కుని టికెట్లు కొనండి.